కారులో మెక్సికో టూర్ ప్లాన్ చేస్తున్నారా? రూట్ మ్యాప్ కన్నా ముందు రిటర్న్ పేపర్లు చూసుకోండి.. లేదంటే బోర్డర్‌లోనే బ్రేక్!

అమెరికాలో లాంగ్ వీకెండ్ దగ్గర పడిందంటే చాలు.. టెక్సస్‌లోని తెలుగు కుటుంబాల్లో కారు టూర్ల మాట మొదలవుతుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉండేవాళ్లకు మెక్సికో పక్కిల్లు లాంటిది. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి మాంటెరీ అని కొడితే క్షణంలో రూట్ వచ్చేస్తుంది. ఎన్ని గంటలు పడుతుందో, ఎక్కడ టోల్ కట్టాలో, పెట్రోల్ బంక్ ఎక్కడుందో అన్నీ చెబుతుంది.

కానీ ఒక్క విషయం మాత్రం ఏ మ్యాపూ చెప్పదు. వెళ్లినవాళ్లు మళ్లీ అమెరికాలోకి రాగలరా, లేదా? అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద ప్రశ్నే కాదు. హెచ్‌1బీ, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్న మనవాళ్లకు మాత్రం అసలు ప్రశ్న ఇదే. అందుకే మెక్సికో రూట్ ప్లాన్‌ను ఇంటి దగ్గర నుంచి కాదు.. తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి గీసుకుంటూ రావాలి. ఎలాగో చూద్దాం.

దూరం తక్కువే.. చిక్కంతా గేటు దగ్గరే

డాలస్ నుంచి బోర్డర్ సిటీ లారెడోకు ఇంటర్‌స్టేట్ 35 మీదుగా దాదాపు 690 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి వెళ్లినదానికన్నా కాస్త ఎక్కువ అంతే. హ్యూస్టన్ నుంచి అయితే సుమారు 500 కిలోమీటర్లు, ఆస్టిన్ నుంచి 380 వరకు ఉంటుంది. లారెడోలో రియో గ్రాండే నది మీద వంతెన దాటితే అటువైపు న్యూవో లారెడో. అక్కడి నుంచి మాంటెరీకి మరో 220 కిలోమీటర్లు.

అంటే రోడ్డు లెక్కన ఇదొక మామూలు వీకెండ్ ట్రిప్పే. కానీ ఈ రూట్‌లో కారు ఒక దేశం చట్టం నుంచి ఇంకో దేశం చట్టంలోకి వెళ్తుంది. వీసా, కారు పర్మిట్, ఇన్సూరెన్స్.. అన్నీ ఆ వంతెన మధ్యలో మారిపోతాయి. నాలుగు చక్రాలు దాటడం తేలికే, నాలుగు కాగితాలు సరిగ్గా లేకపోతేనే కథ అడ్డం తిరుగుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది.. వెనక్కి వచ్చేది ఏ కాగితంతో?

చాలామందిలో ఒక గందరగోళం ఉంది. వీసా వేరు, స్టేటస్ వేరు. పాస్‌పోర్ట్‌లో అతికించే వీసా స్టాంప్ అమెరికా గేటు దగ్గర లోపలికి రావడానికి. లోపల ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. కంపెనీ హెచ్‌1బీ ఎక్స్‌టెన్షన్ చేయించగానే ఐ-797 అప్రూవల్, దాంతోపాటు కొత్త ఐ-94 వస్తాయి. ఉద్యోగం నడుస్తుంది, జీతం వస్తుంది. కానీ పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంప్ మాత్రం ఎప్పుడో గడువు దాటిపోయి ఉండొచ్చు. అమెరికాలో ఉన్నంతకాలం అది సమస్య కాదు. దేశం దాటితేనే సమస్య.

స్టాంప్ చెల్లుబాటులో ఉంటే తిరిగి రావడం మామూలు వ్యవహారమే. పాస్‌పోర్ట్, ఐ-797, ఇటీవలి పే స్లిప్పులు, ఉద్యోగం చేస్తున్నట్టు కంపెనీ లెటర్ వెంట ఉంచుకుంటే చాలు.

మరి స్టాంప్ గడువు ముగిసినవాళ్ల సంగతేంటి? వాళ్ల కోసం అమెరికా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. దాని పేరు ఆటోమేటిక్ వీసా రీవ్యాలిడేషన్. మెక్సికో లేదా కెనడాకు వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి వచ్చేస్తే, గడువు ముగిసిన వీసాను ఆ ప్రవేశం వరకు చెల్లుబాటులో ఉన్నట్టే పరిగణిస్తారు. అయితే దీనికి షరతులు గట్టివే ఉన్నాయి.

- ఐ-94 గడువు ఇంకా మిగిలి ఉండాలి. దాని ప్రింట్ చేతిలో ఉండాలి. వెళ్లేటప్పుడు దాన్ని ఎవరికీ అప్పగించకూడదు.
- స్టేటస్ దెబ్బతిని ఉండకూడదు. ఎఫ్1 విద్యార్థులైతే ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20 తప్పనిసరి.
- మెక్సికోలో ఉన్నప్పుడు కొత్త అమెరికా వీసా కోసం అప్లై చేయకూడదు. చేస్తే ఈ వెసులుబాటు అక్కడితో పోయినట్టే.
- పాత వీసా రద్దయి ఉండకూడదు. కాన్సులేట్ నుంచి రద్దు అంటూ ఈమెయిల్ వచ్చినవాళ్లకు ఇది వర్తించదు.

ఎఫ్1 మీద వచ్చి, ఇక్కడే హెచ్‌1బీకి మారినవాళ్లకు కూడా ఈ దారి పనికొస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఉన్నది పాత స్టూడెంట్ వీసానే అయినా, ఛేంజ్ ఆఫ్ స్టేటస్ అప్రూవల్, చెల్లే ఐ-94 చూపించొచ్చు.

వీళ్లు అసలు కదలకపోవడమే మంచిది

ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉండి, పాత ఐ-94 గడువు ముగిసినవాళ్లు జాగ్రత్త. చేతిలో ఉన్న రసీదు నోటీసుతో అమెరికాలో ఉద్యోగం కొనసాగించవచ్చు కానీ, దాంతో బోర్డర్ దాటి వెనక్కి రాలేరు. అప్రూవల్ వచ్చేదాకా ఆగాల్సిందే.

గ్రీన్‌కార్డు కోసం ఐ-485 వేసి, హెచ్ లేదా ఎల్ స్టేటస్ వదిలేసి, కేవలం ఈఏడీ మీద పనిచేస్తున్నవాళ్లది మరో చిక్కు. అడ్వాన్స్ పెరోల్ లేకుండా దేశం దాటితే ఆ అప్లికేషన్‌ను వదులుకున్నట్టే లెక్కగడతారు. ఏళ్ల తరబడి క్యూలో ఎదురుచూసి వేసిన ఫైలు రెండు రోజుల టూర్‌తో పోతుంది.

'మెక్సికోకు వెళ్తూ పనిలో పనిగా స్టాంపింగ్ కూడా చేయించుకొస్తాం' అనే ప్లాన్ కూడా ఇప్పుడు నడవదు. ఒకప్పుడు చాలామంది భారతీయులు మెక్సికోలోని అమెరికా కాన్సులేట్లలో స్టాంపింగ్‌కు వెళ్లేవారు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా విదేశాంగ శాఖ నిబంధన మార్చింది. నాన్ ఇమిగ్రెంట్ వీసాకు తమ సొంత దేశంలోనో, చట్టబద్ధంగా నివసిస్తున్న దేశంలోనో అప్లై చేసుకోవాలని చెప్పింది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి బయల్దేరితే ముందు నుయ్యి, వెనక గొయ్యి అవుతుంది.

అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా?

పిల్లలను చూడ్డానికి హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వచ్చిన పెద్దవాళ్లది బీ2 విజిటర్ వీసా. స్టాంప్ చెల్లుతోంది కాబట్టి మెక్సికోకు తీసుకెళ్లొచ్చు. కానీ 'అలా ఒకసారి బయటికెళ్లి వస్తే మళ్లీ ఆరు నెలలు ఇస్తారు' అన్న మాటను నమ్ముకోవద్దు. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్లొచ్చినవాళ్లను సాధారణంగా పాత ఐ-94లో మిగిలిన గడువుకే లోపలికి రానిస్తారు. నాన్నగారి రిటర్న్ టికెట్ తేదీని ఆ పాత గడువు ప్రకారమే చూసుకోవాలి.

ఇంకో మాట. ఇంట్లో నలుగురుంటే నలుగురి ఐ-94 తేదీలు ఒకేలా ఉండాలని లేదు. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడి ఉంటే ఐ-94ను ఆ తేదీ వరకే ఇస్తుంటారు. భర్తకు రెండేళ్లు ఉండి, భార్యకో బిడ్డకో గడువు ముగిసిపోయి ఉండే అవకాశం ఉంది. అందరి ఐ-94లూ విడివిడిగా డౌన్‌లోడ్ చేసి చూడాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లాలి.

మెక్సికో లోపలికి రానిస్తుందా?

తిరుగు దారి తేలాక, వెళ్లే దారి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు మెక్సికో వీసా కావాలి. అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే టూరిస్టుగా వెళ్లడానికి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అమెరికా నిబంధన గడువు ముగిసిన వీసాతో వెనక్కి రానిస్తుంది. కానీ మెక్సికో ఆ వెసులుబాటు ఇవ్వదు. స్టాంప్ గడువు ముగిస్తే, ఐ-797 ఎంత కొత్తదైనా సరే, మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియోలలో మెక్సికో కాన్సులేట్లు ఉన్నాయి. అపాయింట్‌మెంట్ దొరకడానికి టైమ్ పడుతుంది కాబట్టి చివరి వారంలో మొదలుపెడితే కుదరదు.

వంతెన దాటాక ఇమిగ్రేషన్ ఆఫీసులో ఎఫ్ఎంఎం అనే టూరిస్ట్ పర్మిట్ తీసుకోవాలి. రోడ్డు మార్గంలో వచ్చి 7 రోజుల్లోపు ఉండేవాళ్లకు ఇది ఫ్రీ. అంతకు మించితే ఫీజు కట్టాలి. వంతెన దిగగానే కార్లన్నిటినీ ఆపి అందరి పాస్‌పోర్ట్‌లూ అడగరు. ఎవరూ ఆపలేదు కదా అని ముందుకు పోతే అది పర్మిషన్ ఇచ్చినట్టు కాదు. కొంచెం ముందు కారు ఆపుకుని, ఆఫీసు వెతుక్కుని, ఆ కాగితం తీసుకోవడం ప్రయాణికుల బాధ్యతే.

దాటకపోయినా పేపర్లు అడుగుతారు

'మేం బోర్డర్ దాటం, ఊరికే లారెడో దాకా వెళ్లొస్తాం' అనేవాళ్లూ ఉంటారు. వాళ్లు కూడా పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టి రాకూడదు. లారెడో నుంచి శాన్ ఆంటోనియో వైపు వచ్చేటప్పుడు ఇంటర్‌స్టేట్ 35 మీద, 29వ మైలు దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంది. అక్కడ కార్లు ఆపి పౌరసత్వం అడుగుతారు. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ ఇమిగ్రేషన్ పత్రాలు వెంట ఉంచుకోవాలన్నది అమెరికా చట్టం. డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటీ సరిపోదు.

ఇంకా పెద్ద ప్రమాదం పొరపాటున దాటేయడం. శాన్ డియాగోలో ఇంటర్‌స్టేట్ 5, లారెడోలో ఇంటర్‌స్టేట్ 35.. రెండూ నేరుగా బోర్డర్‌కే వెళ్లి ముగుస్తాయి. అవుట్‌లెట్ మాల్‌కో, హోటల్‌కో వెళ్తూ చివరి ఎగ్జిట్ మిస్సయితే అక్కడ యూటర్న్ ఉండదు. కారు మెక్సికోలోకి వెళ్లాలి, మళ్లీ క్యూలో నిలబడి అమెరికా ఇమిగ్రేషన్ ముందుకే రావాలి. పెండింగ్ కేసులున్నవాళ్లకు ఇది చిన్న పొరపాటు కాదు. అందుకే బోర్డర్ సిటీల్లో 'లాస్ట్ యూఎస్ఏ ఎగ్జిట్' బోర్డు కనిపించిందంటే జీపీఎస్ ఏం చెబుతున్నా సరే, బోర్డు మాటే వినాలి.

ఏ వంతెన? ఏ రాష్ట్రం?

మెక్సికో అంతా ఒకే రకంగా ఉండదు. అమెరికా విదేశాంగ శాఖ మెక్సికోకు రాష్ట్రాల వారీగా ట్రావెల్ అడ్వైజరీ ఇస్తుంది. 2025లో ఇచ్చిన అడ్వైజరీలో కొలిమా, గెరెరో, మిచోవాకాన్, సినలోవా, తమౌలిపాస్, జకాటెకాస్ రాష్ట్రాలకు అసలు వెళ్లొద్దనే లెవెల్ 4 హెచ్చరిక ఉంది. ఇందులో తమౌలిపాస్‌ను ప్రత్యేకంగా గమనించాలి. టెక్సస్ నుంచి వెళ్లేవాళ్లకు ఎదురయ్యే న్యూవో లారెడో, రేనోసా, మాతమోరోస్ మూడూ ఆ రాష్ట్రంలోవే.

ఇది కాగితం మీద హెచ్చరిక మాత్రమే కాదు. 2023 మార్చిలో బ్రౌన్స్‌విల్ నుంచి మాతమోరోస్‌లోకి ఒక వ్యాన్‌లో వెళ్లిన నలుగురు అమెరికన్లపై సాయుధులు కాల్పులు జరిపి కిడ్నాప్ చేశారు. వాళ్లలో ఒకరికి వైద్యం కోసం వెళ్తున్న ప్రయాణం అది. ఇద్దరు చనిపోయారు. బోర్డర్ వంతెనకు ఎంతో దూరంలో కూడా కాదు, అదే ఊళ్లో జరిగిన ఘటన ఇది.

లారెడో వైపు వెళ్లేవాళ్లకు ఒక ప్రత్యామ్నాయం ఉంది. లారెడోలో నాలుగు రోడ్డు వంతెనలు ఉన్నాయి. అందులో వరల్డ్ ట్రేడ్ బ్రిడ్జ్ సరుకు లారీలకే. ఊరి మధ్యలో ఉన్న గేట్‌వే, వారెజ్-లింకన్ వంతెనలు న్యూవో లారెడో నగరంలోకి దింపుతాయి. నాలుగోది కొలంబియా సాలిడారిటీ బ్రిడ్జ్. ఊరికి వాయవ్యంగా, దూరంగా ఉంటుంది. ఇది నేరుగా న్యూవో లియోన్ రాష్ట్రంలోకి వెళ్తుంది. మాంటెరీ ఉన్న రాష్ట్రం కూడా అదే. ఇంటర్‌స్టేట్ 35 నుంచి స్టేట్ హైవే 255 పట్టుకుంటే లారెడో ట్రాఫిక్‌లోకి వెళ్లకుండానే ఈ వంతెన దగ్గరికి చేరొచ్చు. చుట్టు తిరుగుడు అనిపించినా, న్యూవో లారెడో నగరం మధ్యలోంచి వెళ్లే పని తప్పుతుంది. అయితే వంతెన దాటాక జీపీఎస్ మళ్లీ తమౌలిపాస్ వైపు తిప్పుతోందేమో ముందే చూసుకుని, రూట్‌ను ఫిక్స్ చేసి పెట్టుకోవాలి.

బయల్దేరే రోజు ఉదయం అడ్వైజరీ మరోసారి చూడాలి. గేట్లు కూడా ఎప్పుడూ తెరిచే ఉంటాయని అనుకోకూడదు. అరిజోనాలోని లూక్‌విల్ గేటును 2023 డిసెంబర్‌లో వలసల రద్దీ కారణంగా మూసేశారు. మళ్లీ తెరిచింది 2024 జనవరిలో. ఫీనిక్స్ నుంచి ప్వెర్టో పెన్యాస్కో బీచ్‌కు వెళ్లేవాళ్ల రూట్ నెల రోజులపాటు చుట్టు తిరిగింది. అందుకే ప్లాన్‌లో రెండో గేటు పేరు కూడా రాసుకోవాలి.

మనిషికే కాదు.. కారుకీ పర్మిట్!

బోర్డర్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల వరకు మెక్సికోలో అమెరికా కారుకు పర్మిట్ అక్కర్లేదు. అది దాటి లోపలికి వెళ్లాలంటే టెంపరరీ ఇంపోర్ట్ పర్మిట్ కావాలి. దీన్ని ఇచ్చేది మెక్సికో సైన్యానికి చెందిన బాన్‌హెర్సితో అనే బ్యాంకు. న్యూవో లారెడో దాటి మాంటెరీ వైపు వెళ్తే, దాదాపు 26వ కిలోమీటర్ దగ్గర కస్టమ్స్ చెక్‌పోస్ట్ ఉంటుంది. పర్మిట్ లేని కారు అక్కడి నుంచి వెనక్కే.

పర్మిట్ ఫీజు కాకుండా డిపాజిట్ కూడా కట్టాలి. కారు 2007 లేదా ఆ తర్వాతి మోడల్ అయితే 400 డాలర్లు. 2001 నుంచి 2006 మధ్యదైతే 300, 2000 లేదా అంతకుముందుదైతే 200 డాలర్లు. ఈ డబ్బు తిరిగొస్తుంది, కానీ దానికి ఒక షరతు ఉంది. పర్మిట్ గడువులోపు కారును మెక్సికో నుంచి బయటికి తెచ్చి, బోర్డర్‌లోని బాన్‌హెర్సితో కౌంటర్‌లో పర్మిట్ క్యాన్సిల్ చేయించి రసీదు తీసుకోవాలి. కారు ఎలాగూ అమెరికా వచ్చేసింది కదా అని కౌంటర్ దగ్గర ఆగకుండా వచ్చేస్తే డిపాజిట్ పోతుంది. మెక్సికో రికార్డుల్లో ఆ కారు ఇంకా అక్కడే ఉన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ పర్మిట్ దొరకడం కూడా కష్టమే.

కారు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా ముఖ్యం. లోన్ మీద కొన్న కారు అయితే ఫైనాన్స్ కంపెనీ నుంచి, లీజు కారు అయితే లీజింగ్ కంపెనీ నుంచి మెక్సికో తీసుకెళ్లడానికి అనుమతి లెటర్ తీసుకోవాలి. రెంటల్ కార్లను చాలా కంపెనీలు అసలు మెక్సికోకు రానివ్వవు. ఫ్రెండ్ కారు తీసుకెళ్లడం అన్నిటికన్నా పెద్ద తలనొప్పి.

అయితే అన్ని చోట్లా ఈ పర్మిట్ గొడవ లేదు. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం మొత్తం, సొనోరా రాష్ట్రంలో కొంత భాగం ఫ్రీ జోన్. అంటే శాన్ డియాగో నుంచి తిహువానా మీదుగా ఎన్సెనాడాకు వెళ్లేవాళ్లకు, అరిజోనా నుంచి ప్వెర్టో పెన్యాస్కోకు వెళ్లేవాళ్లకు కారు పర్మిట్ అవసరం ఉండదు. పాస్‌పోర్ట్, వీసా, ఎఫ్ఎంఎం నిబంధనలు మాత్రం వాళ్లకూ వర్తిస్తాయి.

అమెరికా ఇన్సూరెన్స్ వంతెన దగ్గరే ఆగిపోతుంది

ఎంత పెద్ద కంపెనీ పాలసీ అయినా, అమెరికా ఆటో ఇన్సూరెన్స్‌ను మెక్సికో చట్టం గుర్తించదు. మెక్సికన్ కంపెనీ ఇచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. రోజుల లెక్కన ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వంతెన దగ్గర హడావుడిగా కొనేకన్నా ఇంటి దగ్గరే తీసుకుని, ప్రింట్ కారులో పెట్టుకోవడం మేలు.

ఇది ఎందుకంత ముఖ్యం? మెక్సికోలో యాక్సిడెంట్ అయి ఎవరికైనా గాయాలైతే, తప్పు ఎవరిదో తేలేవరకు, నష్టపరిహారం కట్టగలరని రుజువయ్యేవరకు డ్రైవర్‌ను పోలీసులు అదుపులో ఉంచుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ హామీ దొరికినట్టే. లీగల్ అసిస్టెన్స్, బెయిల్ బాండ్ కలిపి ఉన్న పాలసీ చూసి తీసుకోవాలి. స్టేటస్ మీద బతికేవాళ్లకు అక్కడ రోజులు గడవడం అంటే ఉద్యోగం, ఐ-94, 30 రోజుల లెక్క అన్నీ ఒకదాని మీద ఒకటి పడటమే.

రోడ్డు మీద.. కొన్ని మన ఊళ్లో లాగే!

మెక్సికోలో ఒకే ఊరికి రెండు దారులు ఉంటాయి. 'క్వోటా' అంటే టోల్ రోడ్డు. 'లిబ్రే' అంటే ఫ్రీ రోడ్డు. మొదటిసారి వెళ్లేవాళ్లు క్వోటా పట్టుకోవడమే మంచిది. న్యూవో లారెడో నుంచి మాంటెరీకి 85డీ అనేది క్వోటా, నంబర్ చివర 'డీ' ఉందంటే టోల్ రోడ్డని అర్థం. టోల్‌కు పెసోల్లో నగదు దగ్గర పెట్టుకోవాలి. డాలస్‌లో అలవాటైన టోల్ ట్యాగ్‌ను నమ్ముకోవద్దు. టోల్ రసీదు పారేయకూడదు.

ఊళ్లలోకి వెళ్తే 'తోపేస్' ఎదురవుతాయి. అంటే స్పీడ్ బ్రేకర్లు. కొన్నిటికి పెయింట్ ఉండదు, బోర్డు ఉండదు. మన ఊళ్లలో బండి నడిపినవాళ్లకు కొత్త కాదు కానీ, అమెరికా హైవేలకు అలవాటు పడినవాళ్ల కారు కింద ఒక్కసారి తగిలిందంటే గుర్తుండిపోతుంది. పెట్రోల్ బంకుల్లో మనిషే వచ్చి కొడతాడు. ఆకుపచ్చ హ్యాండిల్ మాగ్నా అంటే రెగ్యులర్, ఎరుపుది ప్రీమియం. మీటర్ సున్నా చూసుకోవడం ఇక్కడా అవసరమే. స్పీడ్ బోర్డులు కిలోమీటర్లలో ఉంటాయి. 110 అని రాసి ఉందంటే సుమారు 68 మైళ్లు అన్నమాట.

రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. వెలుగుండగా ఊరు చేరేలా లెక్క వేసుకోవాలి. ఈ లెక్కలో టైమ్ జోన్ కూడా ఉంది. 2022లో మెక్సికో డేలైట్ సేవింగ్‌ను ఎత్తేసింది, బోర్డర్ పట్టణాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అందుకే వేసవిలో లారెడోలో 10 గంటలైతే మాంటెరీలో 9 గంటలే. వెళ్లేటప్పుడు కలిసొచ్చే ఆ గంట, వచ్చేటప్పుడు పోతుంది.

హైవే మీద కారు ఆగిపోతే 078కి ఫోన్ చేయాలి. 'ఆంహెలెస్ వెర్దెస్', అంటే గ్రీన్ ఏంజెల్స్ అనే ప్రభుత్వ సిబ్బంది వచ్చి సాయం చేస్తారు. రిపేర్‌కు కూలి తీసుకోరు, విడిభాగాలకు, పెట్రోల్‌కు డబ్బులివ్వాలి. ఎమర్జెన్సీ నంబర్ ఇక్కడా 911నే. మెక్సికో సిటీ దాకా వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. కాలుష్యం తగ్గించడానికి అక్కడ 'హోయ్ నో సిర్కులా' అనే రూల్ ఉంది. కొన్ని రోజులు, కొన్ని గంటల్లో కొన్ని కార్లు రోడ్డెక్కకూడదు. బయటి ప్లేట్లున్న కార్లకూ ఇది వర్తిస్తుంది.

కారులో ఇవి ఉంటే జైలే!

టెక్సస్‌లో తుపాకీ మామూలు విషయం. మెక్సికోలో కాదు. తుపాకీయే కాదు, ఒక్క తూటా దొరికినా జైలుకు పంపే చట్టం అక్కడిది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు సీట్ల కింద, డిక్కీలో, గ్లవ్ బాక్స్‌లో ఒకసారి వెతకాలి. వేప్‌లు, ఈ-సిగరెట్లు తీసుకెళ్లకూడదు. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ ఉన్న మందులు కూడా అక్కడ నిషేధం. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే డాక్టర్ చీటీతో, ఒరిజినల్ ప్యాకింగ్‌లో పెట్టుకోవాలి. 10 వేల డాలర్లకు మించి నగదు ఉంటే చెప్పి తీరాలి.

తిరిగొచ్చేటప్పుడు జామకాయలు, మామిడి పండ్లు చౌకగా ఉన్నాయని డిక్కీలో వేసుకుంటే అమెరికా వైపు అధికారులు తీసేసుకుంటారు. ఏముందో ముందే చెబితే పండ్లు పోతాయంతే, దాచిపెడితే ఫైన్ పడుతుంది.

ప్లాన్ ఇలా వెనక నుంచి వేసుకోండి

ముందుగా ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు రాసుకోండి. దానికి ఒక రోజు ముందే బోర్డర్ దాటేలా చూసుకోండి. లాంగ్ వీకెండ్ ఆఖరి రోజు సాయంత్రం వంతెనల మీద గంటల తరబడి క్యూలు ఉంటాయి. డిసెంబర్‌లో అమెరికాలో పనిచేసే మెక్సికన్లు సొంతూళ్లకు వెళ్లొస్తారు కాబట్టి లారెడోలో రద్దీ ఇంకా ఎక్కువ. అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో ఏ గేటు దగ్గర ఎంత వెయిటింగ్ ఉందో చూడొచ్చు. ఆ క్యూలోకి ఎక్కకముందే కారు పర్మిట్ క్యాన్సిల్ చేయించుకునే టైమ్ కూడా కలుపుకోవాలి.

- రెండు నెలల ముందు: అందరి పాస్‌పోర్ట్, వీసా స్టాంప్, ఐ-94 తేదీలు ఒక కాగితం మీద రాసుకోవాలి. స్టాంప్ ముగిసినవాళ్లకు మెక్సికో వీసా అపాయింట్‌మెంట్ వెతకాలి. కేసు ఏదైనా పెండింగ్‌లో ఉంటే కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగి, సమాధానం ఈమెయిల్‌లో తీసుకోవాలి.
- నెల ముందు: ఫైనాన్స్ లేదా లీజింగ్ కంపెనీ లెటర్. విద్యార్థులకు ఐ-20 మీద ట్రావెల్ సంతకం.
- రెండు వారాల ముందు: కారు పర్మిట్‌కు ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి, మెక్సికన్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి.
- ముందు రోజు: ట్రావెల్ అడ్వైజరీ, గేటు టైమింగ్స్, వాతావరణం. మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. పేపర్లన్నిటి ఫొటోలు ఇంట్లో ఉన్న ఒకరికి పంపాలి.

కారులో కూర్చునే ప్రతి ఒక్కరి విషయంలోనూ ఒకటే ప్రశ్న వేసుకోవాలి. 'ఈ మనిషి ఏ కాగితం చూపించి వెనక్కి వస్తారు?' అందరికీ సమాధానం ఉంటేనే ఈ రూట్ ఓకే. ఒక్కరికి లేకపోయినా మిగతావాళ్ల కాగితాలు ఆ ఒక్కరిని వంతెన దాటించలేవు. అలాంటప్పుడు శాన్ ఆంటోనియో రివర్ వాక్ చూసి వచ్చినా వీకెండ్ వీకెండే. మాంటెరీ కొండలు ఎక్కడికీ పోవు, అప్రూవల్ వచ్చాక కూడా అక్కడే ఉంటాయి.